కిరణజన్య బాక్టీరియా: అతినీలలోహిత నిరోధకత, డీఎన్‌ఏ మరమ్మతు

కాంతిని ఆహారశక్తిగా మార్చుకునే బాక్టీరియాను కిరణజన్య బాక్టీరియా అంటారు. వీటిలో రెండు పెద్ద తెగలున్నాయి. నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలేవి సయనోబాక్టీరియా. పాత పాఠ్యపుస్తకాల్లో వీటి పేరు నీలి ఆకుపచ్చ శైవలాలు. నీటి జోలికి పోకుండా హైడ్రోజన్ సల్ఫైడ్, సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ వంటివాటి నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని, ఆక్సిజన్ వదలకుండా పని కానిచ్చేవి రెండో తెగ: ఊదా బాక్టీరియా, హరిత గంధక బాక్టీరియా, వాటి బంధువులు. రెండు తెగలకూ ఎండతోనే పని. ఆ ఎండలో కలిసి వచ్చే అతినీలలోహిత కిరణాలు డీఎన్‌ఏను చెడగొడతాయి. మిగతా బాక్టీరియా నీడకు చేరితే గండం గడిచినట్టే. వీటికి నీడ అంటే పస్తు. అందువల్ల ఈ జీవుల్లో డీఎన్‌ఏ మరమ్మతు తన దారిన తాను సాగే వ్యవహారంలా ఉండదు, కిరణజన్య సంయోగక్రియతో ముడిపడి నడుస్తుంది.

నడినెత్తి ఎండ, ఏడాదికి రెండుసార్లు

ఉదాహరణకు, ఎన్టీఆర్ జిల్లా తిరువూరు డివిజన్‌లోని విస్సన్నపేట దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మామిడి తోటల మెట్ట ప్రాంతం. చెరువులు, బోర్లు, సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు కింద వరి పండుతుంది. కర్కట రేఖకు దిగువనున్న ఊళ్లన్నిటిలాగే ఇక్కడా సూర్యుడు ఏటా రెండుసార్లు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒకటి మే మొదటి పది రోజుల్లో, రెండోది ఆగస్టు మొదటి వారంలో. సూర్యుడు నిలువుగా ఉన్నప్పుడు కిరణాలు ఓజోన్ పొరను అతి తక్కువ దూరంలో దాటేస్తాయి. పైగా ఉష్ణమండలంలో ఆ పొర ధ్రువాల వైపు కంటే పలచన. మబ్బులేని వేసవి మధ్యాహ్నం తెలుగు మైదానాల్లో అతినీలలోహిత సూచిక 11 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అన్నిటికన్నా తీవ్రమైన మెట్టు అదే.

సూర్యుడి కోణం రెండుసార్లూ ఒకటే అయినా సూక్ష్మజీవి అనుభవించే కష్టం ఒకటి కాదు. మేలో చెరువు అడుగంటి, మట్టి నెర్రెలిచ్చి, నాచు పెచ్చులై ఎండిపోతుంది. కణంలో నీరు ఉండదు, ఎంజైములు పనిచేయవు, దెబ్బలు పడుతూనే ఉంటాయి. ఆగస్టులో మడి నిండా నీళ్లు. అనబీనా, నాస్టాక్ లాంటి సయనోబాక్టీరియా నీటిపైన తేలుతుంటాయి, గాలి ఆడని బురదలో ఊదా బాక్టీరియా చేరుతుంది. అప్పుడు పడిన దెబ్బను అప్పటికప్పుడే సరిచేసుకోవచ్చు. ఈ రెండు స్థితులనూ విడివిడిగా చూడకపోతే నిరోధకత అన్న మాటకు అర్థం తేలదు.

దెబ్బ ఎలా పడుతుంది

అతినీలలోహిత కాంతిని తరంగదైర్ఘ్యాన్ని బట్టి మూడుగా విడదీస్తారు. 280 నానోమీటర్ల లోపుది సి, 280 నుంచి 315 వరకు బి, 315 నుంచి 400 వరకు ఎ. సి రకాన్ని వాతావరణం పూర్తిగా ఆపుతుంది. బి రకంలో ఎక్కువ భాగాన్ని ఓజోన్ ఆపినా కొంత నేలకు చేరుతుంది. ఎ రకం దాదాపు అంతా దిగుతుంది.

డీఎన్‌ఏలో పక్కపక్కనే ఉన్న రెండు థైమిన్‌లు, లేదా థైమిన్, సైటోసిన్, బి రకం కాంతిని పీల్చుకుంటే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఈ జంటను డైమర్ అంటారు. గడ్డకట్టించిన థైమిన్ ద్రావణంలో దీన్ని 1960లో నెదర్లాండ్స్‌లో బ్యూకర్స్, బెరెండ్స్ గుర్తించారు. ఇలాంటి దెబ్బల్లో సుమారు నాలుగింట మూడు వంతులు సైక్లోబ్యూటేన్ డైమర్లు. తక్కినవి ఎక్కువగా 6-4 రకం జంటలు. వాటి దగ్గర డీఎన్‌ఏ గట్టిగా వంగిపోతుంది. డైమర్ అడ్డుపడితే ప్రతిలిపి తీసే ఎంజైమ్ అక్కడే ఆగిపోతుంది. ఎ రకం కిరణాలు డీఎన్‌ఏను నేరుగా తాకేది తక్కువ. అవి కణంలోని రంగు పదార్థాలను రెచ్చగొట్టి, చురుకైన ఆక్సిజన్ రూపాలను పుట్టించి, వాటి ద్వారా గ్వానిన్‌ను పాడుచేస్తాయి.

కిరణజన్య బాక్టీరియాకు అసలు తంటా ఇక్కడే. కణం నిండా రంగు పదార్థాలే ఉంటాయి మరి. క్లోరోఫిల్, బాక్టీరియోక్లోరోఫిల్ కాంతిని పట్టి సకాలంలో ఖర్చు పెట్టలేకపోతే ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కు అంటుకుని సింగ్లెట్ ఆక్సిజన్ తయారవుతుంది. 1955లో బర్క్‌లీలో గ్రిఫిత్స్, సిస్ట్రోమ్, కోయెన్ బజీర్, స్టానియర్ చేసిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. రోడోబాక్టర్ స్ఫిరాయిడిస్ అనే ఊదా బాక్టీరియాలో రంగుగల కెరోటినాయిడ్లు పోయిన ఒక ఉత్పరివర్తకం వాళ్ల చేతికి చిక్కింది. గాలి లేని వెలుగులో అది బాగానే పెరిగింది. గాలి ఉన్న చీకట్లోనూ బతికింది. గాలి, వెలుగు రెండూ కలిసేసరికి చచ్చిపోయింది. మామూలు కణంలో కెరోటినాయిడ్లు ఆ అదనపు శక్తిని వేడిగా మార్చి వదిలించుకుంటాయి. క్యారెట్ రంగును కంటిచూపుతో మాత్రమే ముడిపెట్టే మనకు, ఆ వర్ణాల కుటుంబం చేసే మరింత పాత ఉద్యోగం ఇదని తట్టదు.

వెలుతురు మరమ్మతు

1949లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో ఆల్బర్ట్ కెల్నర్ అతినీలలోహిత కాంతితో స్ట్రెప్టోమైసిస్ బీజాలను చంపుతూ ఫలితాలు ఒక తీరుగా రాక తల పట్టుకున్నాడు. ఉష్ణోగ్రత కారణమేమో అనుకుని వెతికి, చివరికి కారణం మామూలు వెలుతురేనని తేల్చాడు. దెబ్బతిన్న కణాలను వెలుగులో ఉంచితే తిరిగి లేస్తున్నాయి. అదే ఏడాది రెనాటో డుల్బెకో వైరస్‌ల మీద అదే విషయం చూశాడు. దీని వెనుక ఉన్నది ఒక ఎంజైమ్ అని క్లాడ్ రూపర్ట్ బృందం 1958లో నిరూపించింది. దానికి ఫోటోలయేజ్ అని పేరు. 1968లో వెర్బిన్, రూపర్ట్ దాన్ని నీలి ఆకుపచ్చ శైవలాల్లోనూ కనుగొన్నారు.

తర్వాతి కథలో సయనోబాక్టీరియాది ప్రధాన పాత్ర. అనాసిస్టిస్ నిడ్యులన్స్ అనే మంచినీటి సయనోబాక్టీరియా ఫోటోలయేజ్ స్ఫటిక నిర్మాణం 1997లో వెలువడింది. అదే ఎంజైమ్ దెబ్బతిన్న డీఎన్‌ఏను పట్టుకుని ఉన్న నిర్మాణం 2004లో వచ్చింది. అందులో డైమర్ డీఎన్‌ఏ నిచ్చెనలోంచి బయటికి తిరిగి, ఎంజైమ్ మధ్యలోని గుంటలో ఇమిడి ఉంటుంది. ఆ గుంట అడుగున విటమిన్ బి2 నుంచి వచ్చిన ఎఫ్ఏడీ అణువు ఉంటుంది. దానికి కాస్త ఎడంగా డీజాఫ్లేవిన్ అనే మరో అణువు యాంటెన్నాలా నిలుస్తుంది. 440 నానోమీటర్ల చుట్టూ ఉన్న నీలి కాంతిని అది పట్టి ఎఫ్ఏడీకి అందిస్తుంది. ఎఫ్ఏడీ ఒక ఎలక్ట్రాన్‌ను డైమర్ మీదికి వదులుతుంది, జంట విడిపోతుంది, ఎలక్ట్రాన్ వెనక్కి వస్తుంది. దాదాపు ఒక నానోసెకనులో అంతా ముగుస్తుంది. ఏటీపీ ఖర్చు లేదు, డీఎన్‌ఏను కోయడం లేదు. చెడగొట్టిన సూర్యుడి కాంతితోనే బాగుచేయించుకునే పద్ధతి ఇది. యాంటెన్నాతో కాంతి పట్టడం, ఎలక్ట్రాన్‌ను కదపడం కిరణజన్య సంయోగక్రియకూ మూలసూత్రాలే కాబట్టి ఈ జీవుల్లో ఈ ఎంజైమ్ ఉండటం ఎవరికీ వింతగా తోచదు. ఇ.కోలి లాంటి పేగు బాక్టీరియాలోనూ అది ఉందన్నదే ఆశ్చర్యం.

సినెకోసిస్టిస్ 6803 అనే సయనోబాక్టీరియాలో ఈ పని చేసే ప్రధాన జన్యువు పీహెచ్ఆర్ఎ అని 2000లో సెయింట్ లూయిస్‌లోని హిమాద్రి పక్రాసి బృందం చూపించింది. రోడోబాక్టర్ స్ఫిరాయిడిస్ కథ ఇంకా ఆసక్తికరం. జర్మనీలోని గీసెన్‌లో గాబ్రియేల్ క్లుగ్ బృందం 2007లో ఆ బాక్టీరియాలో ఫోటోలయేజ్ జన్యువు ఎప్పుడు మేలుకుంటుందో కనిపెట్టింది. అతినీలలోహిత కాంతి కోసం అది ఎదురుచూడదు. సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టగానే, ఆర్పీఓఇ అనే నియంత్రక ప్రోటీన్ ద్వారా మేలుకుంటుంది. అంటే తన బాక్టీరియోక్లోరోఫిల్ పొరపాటున పుట్టించే విషాన్నే ఆ కణం ఎండ ముదిరిందనే కబురుగా వాడుకుంటోంది. గాలి లేని బురదలో సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టదు, గంటా మోగదు. నా దృష్టిలో ఈ రంగం మొత్తంలో అన్నిటికన్నా చక్కని ఫలితం ఇదే. కిరణజన్య సంయోగక్రియ, డీఎన్‌ఏ మరమ్మతు ఒకే తీగ మీద ఉన్నాయనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం దొరకదు. అదే బాక్టీరియాలోని క్రైబి అనే ఫోటోలయేజ్ బంధు ప్రోటీన్‌లో ఇనుము, గంధకం కలిసిన గుత్తి ఉందని 2012లో తేలింది.

చీకటి మరమ్మతు

రాత్రి ఫోటోలయేజ్ పనికిరాదు. 6-4 జంటలను మామూలు డైమర్ ఫోటోలయేజ్ విప్పలేదు. అప్పుడు కోత మరమ్మతు రంగంలోకి దిగుతుంది. యూవీఆర్ఎ, యూవీఆర్‌బి ప్రోటీన్లు వంగిన చోటును గుర్తిస్తాయి. యూవీఆర్‌సి రెండువైపులా కోస్తుంది. ఇ.కోలిలో 12, 13 న్యూక్లియోటైడ్ల ముక్క ఊడి వస్తుంది. ఎదుటి పోగును చూసి పాలిమరేజ్ ఆ ఖాళీని పూరిస్తుంది, లైగేజ్ అతుకు వేస్తుంది. చినిగిన చోటును కత్తిరించి అదే గుడ్డతో మాసిక వేసే దర్జీ పని లాంటిది. ఈ పద్ధతిని 1964లో సెట్లో, క్యారియర్ ఒకవైపు, బోయిస్, హోవర్డ్ ఫ్లాండర్స్ మరోవైపు బయటపెట్టారు. దాని యంత్రాంగాన్ని ముక్క ముక్కగా విప్పిన అజీజ్ సంకార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో వాటా దక్కింది. రూపర్ట్ శిష్యుడిగా ఆయన పరిశోధన మొదలైంది మాత్రం ఫోటోలయేజ్‌తోనే.

మరమ్మతు పూర్తికాకముందే ప్రతిలిపి మొదలైతే డీఎన్‌ఏలో ఖాళీలు మిగులుతాయి. వాటిని ఇంకో ప్రతిని చూసి పూడ్చేది రెక్‌ఎ ప్రోటీన్. రెక్‌ఎ ఒంటి పోగు డీఎన్‌ఏను చుట్టుకుని తనకు సరిపోయే వరుసను ఎలా వెతుక్కుంటుందన్నదాని మీద పనిచేసినవారిలో ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 2021లో హైదరాబాదు విశ్వవిద్యాలయం ఉపకులపతి అయిన బి.జె.రావు ఒకరు. కోత మరమ్మతు, రెక్‌ఎ రెండూ లేని ఇ.కోలికి ఒకటి రెండు డైమర్లు పడినా ప్రాణం పోతుంది. మనం నిరోధకత అనేది నిజానికి ఎంత మేర మరమ్మతో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

ఇ.కోలిలో డీఎన్‌ఏ దెబ్బతింటే రెక్‌ఎ చురుకై, లెక్స్‌ఎ అనే తాళాన్ని తెంచి, మరమ్మతు జన్యువులన్నిటినీ ఒకేసారి లేపుతుంది. దీన్నే ఎస్ఓఎస్ స్పందన అంటారు. ఊదా బాక్టీరియాలోనూ ఈ ఏర్పాటు ఉంది, కానీ లెక్స్‌ఎ పట్టుకునే డీఎన్‌ఏ వరుస వేరు. బార్సిలోనాలో జోర్డి బార్బే బృందం రోడోబాక్టర్‌లో దాన్ని గుర్తించింది. సినెకోసిస్టిస్‌లో సంగతి మరీ దూరం పోయింది. అక్కడ లెక్స్‌ఎకు మరమ్మతుతో పెద్దగా సంబంధం లేదు, కార్బన్ జీవక్రియకు చెందిన జన్యువులను చూసుకుంటుంది. ఇ.కోలి పాఠాన్ని ప్రతి బాక్టీరియాకూ అప్పజెప్పే అలవాటు ఇక్కడ చెల్లదు. మరో తేడా కూడా గమనించదగింది. చాలా సయనోబాక్టీరియాలో క్రోమోజోమ్ ఒక్కటే ఉండదు. సినెకోసిస్టిస్‌లో పది, అంతకు మించిన ప్రతులుంటాయి. ఒకటి చెడితే చూసి రాసుకోవడానికి వెంటనే మరొకటి అందుబాటులో ఉంటుంది.

దెబ్బ పడకుండా కాచుకోవడం

బాగుచేసుకోవడం కంటే తప్పించుకోవడం చవక. ఉప్పు మడుల్లో చాపలా పరుచుకునే మైక్రోకోలియస్ పోగులు బి రకం కిరణాలు ఎక్కువైతే కిందికి జారుకుంటాయి. బురద నీరు, సేంద్రియ పదార్థం కలిసిన నీరు బి రకాన్ని కొద్ది సెంటీమీటర్లలోనే పీల్చేస్తాయి కాబట్టి వరి మడిలో ఆ మాత్రం లోతు చాలు.

కదలలేనివి రంగు పూసుకుంటాయి. మైకోస్పోరిన్ తరహా అమైనో ఆమ్లాలు కంటికి రంగులేనివి. 310 నుంచి 360 నానోమీటర్ల కాంతిని పీల్చి వేడిగా వదులుతాయి. వరి మడుల అనబీనా, నాస్టాక్ జాతుల్లో వీటిని కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రాజేశ్వర్ సిన్హా బృందం విస్తృతంగా పరిశీలించింది. వీటిని తయారుచేసే జన్యువుల వరుసను అనబీనాలో 2010లో బాల్స్‌కస్, వాల్ష్ బయటపెట్టారు. సైటోనెమిన్ మాత్రం కంటికి కనిపిస్తుంది. కణాల చుట్టూ ఉన్న జిగురు తొడుగులో చేరే పసుపు గోధుమ రంగు పదార్థం ఇది. దీన్ని 1849లోనే నేగెలి గమనించినా నిర్మాణం తేలడానికి 1993 దాకా పట్టింది. మన పిట్టగోడల మీద, గుడి గోపురాల మీద, దక్కన్ గుట్టల రాళ్ల మీద వానాకాలం తర్వాత నల్లటి చారలు మిగులుతాయి కదా, వాటిలో చాలావరకు ఇలాంటి తొడుగులున్న సయనోబాక్టీరియావే. ఏటా సున్నం కొట్టి చెరిపేస్తాం, మళ్లీ వస్తాయి.

తెలుగు నేలపై పరిశోధన

ఊదా బాక్టీరియా అధ్యయనంలో హైదరాబాదుకు ప్రపంచ స్థాయి గుర్తింపు ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలైన రోడోబాక్టర్ స్ఫిరాయిడిస్ ఓయూ 001 అనే రకం కాంతితో హైడ్రోజన్ తయారుచేసే ప్రయోగాల్లో టర్కీ సహా అనేక దేశాల్లో ప్రామాణికంగా వాడుకలోకి వచ్చింది. పేరులోని ఓయూ ఉస్మానియాయే. ఆ దారిలో వచ్చిన చింతలపాటి శశికళ జేఎన్‌టీయూలో, చింతలపాటి వెంకటరమణ హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ కొత్త కిరణజన్య బాక్టీరియా జాతులను పదుల సంఖ్యలో వర్ణించారు. థయోరోడోకాకస్ భీమ్లికస్, థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్ అనే పేర్లలో భీమిలి, కాకినాడ అలా అంతర్జాతీయ జాబితాకెక్కాయి. లడఖ్‌లోని చాంగ్లా కనుమ నుంచి 2007లో వాళ్లు వర్ణించిన జాతి తర్వాత సెరీబాక్టర్ అనే కొత్త ప్రజాతికి మూలజాతి అయింది. ఇటీవలి వర్గీకరణలో రోడోబాక్టర్ స్ఫిరాయిడిస్‌ను కూడా అదే ప్రజాతిలోకి మార్చారు. ఆ కనుమ ఎండా మామూలుది కాదు: ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ అతినీలలోహిత తీవ్రత సుమారు పది శాతం పెరుగుతుంది. చాంగ్లా ఐదు వేల మీటర్లకు పైన ఉంది.

తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి.ఎస్.మూర్తి, ఎస్.రాజగోపాల్, ఢిల్లీకి చెందిన ప్రసన్న మొహంతితో కలిసి 1990లలో స్పిరులినా అనే సయనోబాక్టీరియా మీద బి రకం కిరణాల ప్రభావాన్ని కొలిచారు. కాంతిని పట్టే ఫైకోబిలిసోముల్లోని నీలి వర్ణకానికి, దాని ప్రోటీన్‌కు మధ్య అమరిక చెదిరి, శక్తి చేరవేత తగ్గడాన్ని వాళ్లు చూపించారు. దెబ్బ డీఎన్‌ఏకే పరిమితం కాదని గుర్తుచేసే పని ఇది. రెండో కాంతివ్యవస్థలోని డి1 ప్రోటీన్ కూడా ఈ కిరణాలకు తేలిగ్గా విరుగుతుంది. సయనోబాక్టీరియా దాన్ని ఊడదీసి కొత్తది పెట్టుకుంటూ ఉంటుంది. కొత్త డి1 తయారుకావాలంటే దాని జన్యువు బాగుండాలి, జన్యువు బాగుండాలంటే ఫోటోలయేజ్ పనిచేయాలి.

హైదరాబాదులోనే జరిగిన మరో ప్రయోగం కిరణజన్య జీవులది కాకపోయినా పోలికకు పనికొస్తుంది. 2005 ఏప్రిల్ 20న టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి నమూనాలు తెచ్చింది. సీసీఎంబీలో ఎస్.శివాజీ బృందం, పుణె శాస్త్రవేత్తలు వాటిని పరిశీలించారు. మూడు కొత్త జాతులు దొరికాయని 2009లో ఇస్రో ప్రకటించింది: జానిబాక్టర్ హోయ్లి, బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట్టై. మూడూ తమ దగ్గరి బంధువుల కంటే అతినీలలోహిత కాంతిని ఎక్కువ తట్టుకున్నాయి. అంత ఎత్తులో బతకాలంటే ఆ గుణం ఉండాలి. అది అక్కడే పుట్టిందా, నేల మీదే ఉండి పైకి వెళ్లాక అక్కరకొచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

ఎండబెట్టిన జీవి

ఆ ప్రశ్నకు ఒక జవాబు కరువు నుంచి వస్తుంది. 1956లో ఒరెగాన్‌లో మాంసం డబ్బాలో దొరికిన డైనోకాకస్ రేడియోడ్యూరన్స్ వేల గ్రేల (గ్రే అంటే వికిరణ మోతాదు కొలత) వికిరణాన్ని ఓర్చుకుంటుంది. భూమి మీద అంత వికిరణం సహజంగా ఎక్కడా లేదు కాబట్టి ఆ శక్తి ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. వికిరణాన్ని తట్టుకోలేని దాని ఉత్పరివర్తకాలు ఎండబెట్టినా చస్తున్నాయని 1996లో మాటిమోర్, బటిస్టా చూపించారు. ఎండిపోయిన కణంలోనూ డీఎన్‌ఏ ముక్కలవుతుంది. దాన్ని అతికించుకునే నేర్పు వికిరణం ముందు కూడా పనికొస్తుంది. ఎడారి సయనోబాక్టీరియా క్రూకాకిడియాప్సిస్‌లో కొన్ని కణాలు 15,000 గ్రేల ఎక్స్‌రేలను ఓర్చుకున్నాయని 2000లో డానియెలా బిల్లీ బృందం రాసింది. మనిషికి ఐదారు గ్రేలు ప్రాణాంతకం. ఎండిన నాస్టాక్ కమ్యూన్ నమూనాలు హెర్బేరియం బీరువాల్లో వందేళ్లకు పైగా పడి ఉండి, నీళ్లు తగలగానే పెరగడం మొదలుపెట్టాయి.

మే నెల చెరువు అడుగున పెచ్చులు కట్టిన నాచును ఈ వెలుగులో చూడాలి. నీళ్లు లేని మూడు నెలలూ అక్కడ మరమ్మతు జరగదు, దెబ్బల బాకీ పేరుకుంటుంది. తొలకరి పడిన గంటల్లోనే ఆ బాకీ అంతా తీర్చాలి. ఏటా చెరువు ఎండే ఊళ్లో ఉండే జాతికి, ఎప్పుడూ నీళ్లుండే సముద్రంలోని జాతికి మధ్య తేడా అక్కడే వస్తుంది. సముద్రపు సయనోబాక్టీరియా ప్రోక్లోరోకాకస్ తన జన్యుపదార్థాన్ని వీలైనంత తగ్గించుకుంది. పై నీళ్లలో ఉండే రకాలు ఫోటోలయేజ్‌ను అట్టిపెట్టుకున్నాయి. లోతు నీళ్ల రకాల్లో కొన్ని దాన్నీ వదిలేశాయి.

కడప రాళ్లలో

సుమారు 240 కోట్ల ఏళ్ల క్రితం గాలిలో ఆక్సిజన్ పెరిగే దాకా ఓజోన్ పొర లేదు. ఈనాడు దీపాల్లో తప్ప నేల మీద దొరకని సి రకం కిరణాలు అప్పట్లో తిన్నగా నేలకు దిగేవి. కిరణజన్య బాక్టీరియా పుట్టింది ఆ ఎండలోనే. మరమ్మతు ఎంజైములు జీవుల్లో ఇంత విస్తారంగా ఉండటానికి ఆ కాలమే కారణమని చాలామంది భావిస్తారు. ఆ తర్వాతి కాలపు సయనోబాక్టీరియా ఆనవాళ్లు తెలుగు నేల మీదా ఉన్నాయి. కడప బేసిన్‌లోని వేంపల్లె డోలమైట్ రాళ్లలో పొరలు పొరలుగా ఉండే స్ట్రోమటోలైట్లు సయనోబాక్టీరియా చాపలు కట్టినవి. వాటి పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిల వయసు 188 కోట్ల ఏళ్లు. వేంపల్లె రాళ్లు అంతకన్నా పాతవి. తుమ్మలపల్లె యురేనియం ఉన్నది కూడా ఈ వేంపల్లె రాళ్లలోనే. ఆ యురేనియానికీ, బాక్టీరియా వికిరణ నిరోధకతకూ చుట్టరికం కట్టే వాళ్లుంటారు. దానికి ఆధారం లేదు.

కొలతలో ఇబ్బంది

ఒక బాక్టీరియా ఎంత అతినీలలోహిత కాంతిని తట్టుకుంటుందో చెప్పడానికి సాధారణంగా 254 నానోమీటర్ల దీపం కింద పెట్టి ఎన్ని కణాలు మిగిలాయో లెక్కిస్తారు. అది సి రకం కాంతి, విస్సన్నపేట చెరువుకు ఎన్నడూ చేరనిది. దీపం నుంచి వచ్చిన సంఖ్యను ఎండకు అన్వయిస్తే లెక్క తప్పుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది దీపం ఆర్పిన తర్వాత మొదలవుతుంది. ఇ.కోలి పళ్లేలను చీకట్లో పెట్టి కోత మరమ్మతును విడిగా, వెలుగులో పెట్టి ఫోటోలయేజ్‌ను కలిపి కొలవొచ్చు. చాలా సయనోబాక్టీరియా చీకట్లో పెరగదు. మామూలు వెలుగులో పెడితే ఫోటోలయేజ్ వెంటనే పనిలోకి దిగుతుంది. అందుకని పరిశోధకులు ఎర్రని కాంతిని ఆశ్రయిస్తారు. క్లోరోఫిల్ ఎర్ర కాంతితో పనిచేస్తుంది, ఫోటోలయేజ్‌కు నీలి కాంతి కావాలి. కణం తింటుంది, డైమర్లు మాత్రం విడిపోవు. ఏ దీపం కింద, ఏ రంగు వెలుగులో, తడిగానా పొడిగానా అన్నవి రాయకుండా ఫలానా జాతికి నిరోధకత ఉందని చెప్పే నివేదికను మరో ప్రయోగశాల సంఖ్యలతో పోల్చలేం.